డైస్ పడకముందే చెప్పేయండి: పుస్తకంలో లేని పనికి డీఎం తీర్పు ఎలా ఇవ్వాలి

"అన్నా, మావాడు షాండ్లియర్ పట్టుకుని ఊగి ఓగర్ రాక్షసుడి వీపు మీదకి దూకుతానన్నాడు. పుస్తకమంతా వెతికాను, దొరకలేదు, ఇరవై నిమిషాలు పోయాయి, ఈలోగా ఇద్దరు ఫోన్లు తీసేశారు." కొత్తగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా కథలోకి దిగి, పని అయిందో లేదో డైస్ వేసి తేల్చుకునే ఆట) ఆడిస్తున్నవాళ్లు, అంటే డంజన్ మాస్టర్లు, పొట్టిగా డీఎంలు, నన్ను అడిగేది ఎప్పుడూ ఇదే. షాండ్లియర్ బదులు ఒకసారి బావి ఉంటుంది, ఒకసారి నూనె పీపా ఉంటుంది, అంతే తేడా. ఇంకో రకం వాళ్లు దీన్నే తిరగేసి అడుగుతారు: రూల్ ఉంది, కానీ పొల్లుపోకుండా అమలు చేస్తే ఆట చప్పబడిపోతోంది, నాకు తోచినట్టు చేస్తే తొండి అంటున్నారు, ఏం చేయను?

ఇద్దరికీ మందు ఒకటే కాబట్టి ఒకేచోట రాసేస్తున్నా. ఇక్కడ చెప్పేదంతా ఐదో ఎడిషన్ గురించి, అంటే 2014లో వచ్చిన పుస్తకాలు, 2024లో వాటిని సవరించి తెచ్చినవి. వేరే ఆట ఆడించేవాళ్లకి అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

చరిత్ర ఒక్క ముక్కలో చెప్పేస్తా. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మొదటి ఆట మూడు పల్చటి పుస్తకాలు, అందులో లేనిదంతా ఆడించేవాడు అక్కడికక్కడ తేల్చాల్సిందే. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ దాదాపు ప్రతి పనికీ ఒక రూల్ రాసిపెట్టింది. 2014లో ఐదోది వచ్చి చాలావరకు మళ్లీ డీఎం చేతికే వదిలేసింది. అందుకే మీకు పుస్తకంలో దొరకడం లేదు. మీరు సరిగ్గా వెతకలేదని కాదు, చాలాసార్లు అక్కడ నిజంగానే ఏమీ లేదు.

గల్లీ క్రికెట్ ఆడినవాళ్లకి ఇది కొత్తేం కాదు. గోడ దాటితే ఔట్, వన్ పిచ్ ఒంటి చేత్తో పడితే ఔట్, వెనకాల పరుగులు లేవు. ఇవేవీ ఏ పుస్తకంలోనూ లేవు, అయినా గొడవ రాదు, ఎందుకంటే బ్యాట్ పట్టకముందే చెప్పుకుంటాం. బంతి గోడ దాటాక "ఈ గోడకి ఔటే" అన్నారనుకోండి, అప్పుడు చూడాలి తమాషా. డీఎం తీర్పు కూడా అంతే. డైస్ పడకముందు చెబితే అది రూల్, పడ్డాక చెబితే తొండి.

కావాల్సినవి

- రూల్స్ ఒక కాపీ. కొనాల్సిన పనిలేదు. అసలు రూల్స్‌ని ఎస్ఆర్‌డీ (సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్) అనే పేరుతో ఉచితంగా పెట్టారు. 2014 నాటి రూల్స్ కావాలంటే 5.1, కొత్తవి కావాలంటే 5.2 దించుకోండి. ఫోన్లో కాకుండా వెతకడానికి వీలుండే ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటే మంచిది.
- ఒక నోటుబుక్. ఇది లేకపోతే మిగతాదంతా దండగ. వాట్సాప్‌లో రాసుకుంటా అంటారు, రాసుకోరు.
- అరచేయంత అట్టముక్క మీద పది పన్నెండు అంకెలు. ఏవో కింద చెబుతా.
- ఒక నిమిషం టైమర్.
- మొదటి ఆటకి ముందు అందరితో ఒక పావుగంట.

1. మీ గల్లీ రూల్స్ ముందే తేల్చుకోండి

ఆ పావుగంట ఇక్కడ ఖర్చు పెట్టండి. అన్నీ మాట్లాడుకోలేరు, అక్కర్లేదు కూడా. గొడవలు ఎప్పుడూ ఒకే నాలుగైదు చోట్ల పుడతాయి.

2014 రూల్సా, 2024 రూల్సా? ఇది తేల్చకుండా మొదలుపెట్టి మూడో వారం కొట్టుకున్న గుంపులు నాకు తెలుసు. ఉదాహరణకి హీలింగ్ పోషన్ తాగడం 2014లో మొత్తం యాక్షన్ (ఒక టర్న్‌లో చేసే అసలు పని) తినేస్తుంది, 2024లో బోనస్ యాక్షన్ (దానికి తోడు చేసే చిన్న పని) చాలు. ఒకడు పాతది చదివి, ఇంకొకడు కొత్తది చదివి వస్తే ఇద్దరిదీ కరెక్టే.

ఇరవై ముఖాల డైస్ మీద 20 పడితే ఏ పనైనా అయిపోతుందా? పుస్తకం ప్రకారం 20 పడితే కచ్చితంగా తగిలేది దాడి రోల్‌లో మాత్రమే. గోడ ఎక్కడానికో, రాజుగారిని ఒప్పించడానికో వేసిన రోల్‌కి ఆ మహత్యం లేదు. ఈ సంగతి చాలామందికి తెలియదు, వీడియోల్లో చూసి "20 పడింది, రాజ్యం నాకు రాసివ్వాలి" అంటారు. మీరు ఒప్పుకున్నా పర్లేదు, ముందే చెప్పండి.

తీర్పు మీద అభ్యంతరం ఉంటే ఎప్పుడు చెప్పాలి? నా పద్ధతి: అక్కడికక్కడ ఒక్కసారి, ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. నేను విని అవునో కాదో అంటాను. ఆపైన ఏమున్నా ఆట అయ్యాక టీ దగ్గర.

2. "ఏం చేస్తావు" కాదు, "ఏం జరగాలనుకుంటున్నావు" అని అడగండి

ఆటగాడు "అక్రోబాటిక్స్ రోల్ చేయొచ్చా?" అంటే వెంటనే అవుననకండి. అది పనికాదు, పనిముట్టు. "సరే, నువ్వు ఏం చేస్తున్నావు, దానివల్ల ఏం కావాలి?" అనండి. షాండ్లియర్ కుర్రాడిని అడిగితే అసలు సంగతి బయటపడింది, వాడికి ఊగడం ముఖ్యం కాదు, గుమ్మానికి అడ్డంగా నిలబడిన ఓగర్‌ని దాటి అవతల ఉన్న మంత్రగత్తె దగ్గరకి చేరాలి. దూకి పొడవడం వేరు, దాటడం వేరు, తీర్పు కూడా వేరు. ఇది అడగకపోవడం వల్లే సగం గొడవలు. మీరు ఒకటి ఊహించి తీర్పిస్తారు, వాడు ఇంకోటి ఊహించి డైస్ వేస్తాడు.

తెలుగులో ఆడేవాళ్లకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. పుస్తకంలో మాటలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, అక్కడ ఒక్కో మాటకి ఒక్కో లెక్క. మనం "దాక్కుంటా" అంటాం. అంటే హైడ్ యాక్షన్ తీసుకుని స్టెల్త్ (కనబడకుండా నక్కడం) రోల్ వేస్తున్నాడా, లేక బాణాలు తగలకుండా స్తంభం చాటుకి మాత్రం జరుగుతున్నాడా? రెండోదైతే యాక్షన్ ఖర్చు లేదు, సగం చాటుకి ఏసీ (ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలాలంటే ఎదుటివాడికి రావాల్సిన అంకె) 2 పెరుగుతుంది, ముప్పాతిక చాటుకి 5. "కొడతా" కూడా అలాంటిదే, అటాక్ యాక్షన్ వేరు, ఒక దాడి వేరు, లెవెల్ 5 ఫైటర్ ఒక్క అటాక్ యాక్షన్‌లో రెండు దాడులు చేస్తాడు. కథ తెలుగులో చెప్పుకోండి, హాయిగా ఉంటుంది, కానీ లెక్క దగ్గరికి వచ్చేసరికి పుస్తకంలో మాట పలికి ఖాయం చేసుకోండి.

3. అసలు డైస్ అవసరమా చూడండి

అసాధ్యమైతే డైస్ ఇవ్వకండి, కాదని చెప్పండి. ఇచ్చాక 20 పడితే మీరే ఇరుక్కుంటారు. సులువైనదైతే కూడా ఇవ్వకండి, అయిపోయిందని చెప్పండి. ఓడిపోతే ఏమీ జరగని పనికి కూడా అక్కర్లేదు: పాడుబడ్డ గుడిలో ఎవరూ తరమడం లేదు, తాళం తీయడం వచ్చినవాడున్నాడు, టైముంది, తాళం వచ్చేసినట్టే. పదిసార్లు రోల్ వేయించి చివరికి తెరిపించడంలో ఎవరికీ ఆనందం లేదు.

4. టైమర్ పెట్టి ఒక్క నిమిషం వెతకండి

ఒక్క నిమిషమే. వెతికే పని మీరు చేయొద్దు. ప్రతి గుంపులో ఒక లా పాయింట్ల మనిషి ఉంటాడు, పేజీ నంబర్లతో సహా చెబుతాడు, మీరు నోరు తెరిస్తే "అలా కాదు" అంటాడు. అతనితో పోట్లాడకండి, ఆ పని అతనికే అప్పగించండి. "నువ్వు వెతుకు, నేను ఆట నడిపిస్తా" అనండి. నిమిషంలో దొరికితే దాని ప్రకారం పోదాం, దొరక్కపోతే నా మాట. ఈ ఏర్పాటు చేశాక మా దగ్గర వాదించేవాడే అందరికంటే పనికొచ్చేవాడయ్యాడు.

నిమిషం నిబంధనకి ఒక మినహాయింపు ఉంది. ఒక పాత్ర ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంటే ఆట ఆపి, ఎంతసేపైనా వెతకండి. ఏడు నెలలు పెంచుకున్న పాత్రని "నాకు అలా గుర్తుంది" అని చంపకూడదు.

5. రూల్ ఉన్నచోట ఎప్పుడు వంచకూడదు

ఇక్కడ కొంచెం ఆగాలి, నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే.

ఒకసారి మూడు నెలలుగా పెంచిన విలన్‌ని, నిలువెల్లా ప్లేట్ కవచంతో, చివరి పోరుకి దింపాను. మా డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాలు వేసే, జంతువుగా మారగల పాత్ర) ఆడే అమ్మాయి మొదటి టర్న్‌లోనే హీట్ మెటల్ వేసింది. రెండో లెవెల్ మంత్రం, లోహం ఎర్రగా కాలుతుంది, మొదటిసారి 2డీ8 (ఎనిమిది ముఖాల డైస్ రెండు వేసి కలిపినంత) దెబ్బ, ఆపైన ఆమె బోనస్ యాక్షన్ పెట్టిన ప్రతి టర్న్‌కీ మళ్లీ 2డీ8, ఆ దెబ్బకి సేవింగ్ త్రో (తప్పించుకోవడానికి వేసే రోల్) లేదు. నిమిషం పాటు నిలబెడితే పది రౌండ్లు, సగటున 90 దెబ్బ. నాకు టెన్షన్ వచ్చేసి, "అతను ఒక్క ఊపులో కవచం చించి పారేశాడు" అనేశాను. భారీ కవచం విప్పడానికి ఐదు నిమిషాలని పుస్తకంలో స్పష్టంగా ఉంది, ఆమెకది తెలుసు, ఆ మంత్రం ఎంచుకున్నదే అందుకు. ఏమీ అనలేదు. మిగతా ఆటంతా "నేను పంజాతో కొడతా" తప్ప ఇంకోమాట మాట్లాడలేదు. ఆ మౌనం ఇప్పటికీ గుర్తుంది.

నా విలన్‌ని కాపాడుకోవడానికి తీర్పు వాడాను, తప్పు అదీ. కాబట్టి ఆటగాడు తన క్లాసులోనో, మంత్రాల జాబితాలోనో, లెవెల్ పెరిగినప్పుడు ఏరికోరి తీసుకున్నది ఏదైనా పుస్తకంలో ఉన్నట్టే పనిచేయాలి. దాన్ని వాడి అతను మీ పథకం చిత్తు చేస్తే, చప్పట్లు కొట్టండి. మీ దగ్గర ఇంకో విలన్ ఉంటాడు. డీఎం తీర్పు అనేది పుస్తకం మౌనంగా ఉన్నచోట, లేదా పుస్తకం మాటకి రెండర్థాలున్నచోట. మీకు నచ్చనిచోట కాదు.

6. ధర సరిచూడండి

పుస్తకంలో లేని పనికి ఫలితం ఇచ్చేముందు, అదే ఫలితం పుస్తకంలో ఎంతకి దొరుకుతోందో చూడండి. ఇది నాకు అన్నిటికంటే బాగా పనికొచ్చిన చిట్కా.

ఒకడు ఇసుక తీసి గాబ్లిన్ (చిన్న రాక్షసుడు) కళ్లలో కొడతానన్నాడు. బాగుంది, కొట్టనివ్వండి. కానీ కళ్లు పోగొట్టే బ్లైండ్‌నెస్ మంత్రం రెండో లెవెల్‌ది, దానికి ఒక స్లాట్ (రోజుకి ఇన్నే అని లెక్క ఉన్న మంత్రాల వాటా) ఖర్చవుతుంది, కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి దారుఢ్యం మీద సేవింగ్ త్రో) ఉంది, అయినా నిమిషం మించి ఉండదు. మరి గుప్పెడు ఇసుక ఊరికే అదే పని చేస్తే ఆ మంత్రం నేర్చుకున్న విజార్డ్ మొహం ఎలా ఉంటుంది? అదీకాక రెండో పోరాటం నుంచి అందరి జేబుల్లో ఇసుకే. అందుకని: యాక్షన్ ఖర్చు, కాన్‌స్టిట్యూషన్ సేవ్, ఓడితే ఆ గాబ్లిన్ తర్వాతి టర్న్ అయ్యేదాకా మాత్రమే కళ్లు కనబడవు, అదే గాబ్లిన్‌కి రెండోసారి పనిచేయదు.

ఇదే కొలతతో ఊపిరితిత్తుల గొడవ కూడా తీరిపోతుంది. క్రియేట్ వాటర్ అనే మొదటి లెవెల్ మంత్రం తెరిచి ఉన్న పాత్రలో పది గ్యాలన్ల నీళ్లు పుట్టిస్తుంది. ఎవడో ఒకడు తప్పకుండా అంటాడు, "నోరు తెరిచే ఉంది కదా, ఊపిరితిత్తులు కూడా పాత్రే కదా, నీళ్లు నింపేస్తా." తెలుగులో అయితే పాత్ర అంటే గిన్నె, పాత్ర అంటే క్యారెక్టర్ కూడా, ఆ శ్లేష మీద ఇంకో పది నిమిషాలు నడుస్తుంది! లోపల ఎంత పడుతుందన్న లెక్కలోకి దిగకండి. 2014 రూల్స్‌లో తొమ్మిదో లెవెల్ మంత్రం పవర్ వర్డ్ కిల్ కూడా 100 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) దాటినవాణ్ని అక్కడికక్కడ చంపలేదు, మొదటి లెవెల్ మంత్రం ఎవరినైనా చంపేస్తుందంటే అది ఆ రూల్ ఉద్దేశం కాదు. బతికున్న జీవి సామాను కాదు. అయిపోయింది.

ఇంకో ప్రసిద్ధమైన మడతపేచీ రైతుల వరస. రెండు మైళ్ల పొడవునా రైతుల్ని నిలబెట్టి, అందరూ రెడీ యాక్షన్‌తో (ఫలానాది జరగ్గానే చేస్తా అని ముందే చెప్పి ఉంచుకునే పని) ఒక కర్రని చేతికి చేయి అందించుకుంటే, ఆరు సెకన్ల రౌండ్‌లో కర్ర రెండు మైళ్లు పోతుంది కాబట్టి చివర అది ఫిరంగి గుండులా తగలాలట. ఇందులో కిటుకు చూడండి: కర్ర పోయేదాకా ఆట రూల్, తగిలేటప్పుడు ఫిజిక్స్. ఏదో ఒకటి ఎంచుకోమనండి. ఫిజిక్స్ అయితే కర్ర అంత వేగంగా చేతులు మారదు. రూల్ అయితే చివరి రైతు విసిరిన కర్ర దెబ్బ 1డీ4. రూల్స్ అంటే భౌతికశాస్త్రం కాదని 2024 డీఎం గైడ్‌లో విడిగా రాసిపెట్టారు కూడా.

7. అంకె ఎంచుకోండి

అట్టముక్క మీద రాసుకోవాల్సినవి ఇవి. పని అవ్వాలంటే రోల్‌లో కనీసం రావాల్సిన అంకె: సులువు 10, మధ్యస్థం 15, కష్టం 20. 25, 30 ఉన్నాయి కానీ చిన్న లెవెళ్లలో వాటి జోలికి పోకండి. ఆ పనిలో +5 ఉన్న (డైస్ మీద పడ్డదానికి 5 కలుపుకునే) పాత్రకి 10 అయితే 80 శాతం, 15 అయితే 55 శాతం, 20 అయితే 30 శాతం గెలుపు. పరిస్థితి అనుకూలంగా ఉంటే అడ్వాంటేజ్, అంటే రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం, ప్రతికూలంగా ఉంటే డిసడ్వాంటేజ్, చిన్నది తీసుకోవడం. ఇదే +5 పాత్రకి 15 మీద అడ్వాంటేజ్ ఇస్తే దాదాపు 80 శాతం, డిసడ్వాంటేజ్ ఇస్తే దాదాపు 30. అంటే 15ని 10 చేసినట్టు, లేదా 20 చేసినట్టు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు, ఇంకా +1లు, +2లు కలుపుతూ కూర్చోనక్కర్లేదు.

దెబ్బలకి: మీద బీరువా పడటం లాంటివి 1డీ10, నిప్పుల గుంటలో పడటం 2డీ10, కూలిన సొరంగం కింద చిక్కుకోవడం 4డీ10. ఎత్తు నుంచి పడితే ప్రతి పది అడుగులకీ 1డీ6, ఎంత ఎత్తైనా 20డీ6 దాటదు.

ఏమీ తోచకపోతే 15. నిజంగా, అంతే. పదిసార్లలో ఏడుసార్లు నేను 15 అనే అంటాను, ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

8. గెలిస్తే ఏంటి, ఓడితే ఏంటి, పైకి చెప్పండి

అసలు పని ఇదే. డైస్ చేతిలో ఉండగానే మూడు సంగతులు వినబడేలా చెప్పాలి: అంకె, గెలుపు, ఓటమి. షాండ్లియర్ కుర్రాడికి నేనైతే ఇలా చెబుతా: "అక్రోబాటిక్స్, 15. గెలిస్తే ఓగర్ నెత్తి మీదుగా దాటి మంత్రగత్తె పక్కన దిగుతావు, ఓగర్‌కి నీ మీద దెబ్బ వేసే అవకాశం ఉండదు. ఓడితే పది అడుగుల నుంచి పడతావు, 1డీ6, ఓగర్ కాళ్ల దగ్గరే బోర్లా. చేస్తావా?"

ఆ "చేస్తావా" మర్చిపోకండి. వద్దనే హక్కు అతనికి ఉంది. పాత్ర కళ్లకి ఆ గొలుసు ఎంత తుప్పు పట్టిందో కనబడుతోంది, ఆటగాడికి కనబడదు, మీరు చెబితేనే తెలుస్తుంది. కొంతమంది డీఎంలు అంకె చెబితే ఉత్కంఠ పోతుందంటారు. నాకు దానికి వ్యతిరేకంగానే కనబడింది. 15 కావాలని అందరికీ తెలిశాక డైస్ టేబుల్ మీద దొర్లుతుంటే కుర్చీల్లోంచి లేచి చూస్తారు. అంకె దాచిపెడితే డైస్ ఆగాక మీ మొహం చూస్తారు.

దాచాల్సినవీ ఉన్నాయి. ఎదుటివాడు అబద్ధం చెబుతున్నాడా, గదిలో ఉచ్చు ఉందా లాంటి వాటికి ఓడితే ఏమవుతుందో చెబితే గుట్టు చెప్పేసినట్టే. అక్కడ అంకెని ఒక చీటీ మీద రాసి బోర్లా పెట్టండి, తర్వాత తిప్పి చూపించండి. కొంచెం నాటకంలా ఉంటుంది, కానీ నమ్మకం నిలబడుతుంది.

9. పడ్డదానికి కట్టుబడండి

14 పడింది, 15 కావాలి. అయ్యో అనిపిస్తుంది. ఇచ్చేయకండి. అలాగే 15 పడ్డాక "ఓగర్ పొడుగు కదా, 17 అనుకుందాం" అనకండి. నేను ఒకప్పుడు ఇలా అన్నాను, అవతలివాడు డైస్ నా ముందు పెట్టి "అన్నా, నువ్వే వేసుకో" అన్నాడు. డీఎం తన ముందు పెట్టుకునే తెర వెనక డైస్ మార్చడం గురించి చాలామంది అడుగుతారు. నా మటుకు నేను తెర తీసేశాను. మార్చాలనిపించిన ప్రతిసారీ వెనక్కి వెళ్లి చూస్తే, వేయించకూడని చోట డైస్ వేయించి ఉంటాను, అంటే తప్పు మూడో మెట్టులో ఉంది.

10. రాయండి, ఆట అయ్యాక వెతకండి

నోటుబుక్‌లో ఒక వరస: తేదీ, పని, తీర్పు. "ఇసుక కళ్లలో: యాక్షన్, కాన్ సేవ్, ఒక టర్న్." ఇంటికెళ్లాక రూల్ వెతకండి. మీది తప్పని తేలితే వచ్చే ఆట మొదట్లో ఒప్పుకోండి: "పోయినవారం నేను చెప్పింది తప్పు, ఇవాళ్టి నుంచి ఇలా." జరిగినదాన్ని తిరగరాయకండి. చచ్చిన ఓగర్ చచ్చినట్టే ఉండనివ్వండి.

తరచుగా చేసే తప్పులు

ఒక పనికి మూడు రోల్స్ వేయించడం అన్నిటికంటే పెద్దది, ఇది తప్పని చేసేవాళ్లకి తెలియను కూడా తెలియదు. గొలుసు పట్టుకోవడానికి ఒకటి, ఊగడానికి ఒకటి, దిగడానికి ఒకటి. ఒక్కోటి 55 శాతం అయితే మూడూ గెలిచే అవకాశం 17 శాతం కూడా లేదు. మీరు కాదనకుండానే కాదన్నట్టు. ఒక పని, ఒక రోల్.

దీనికి తమ్ముడి లాంటిది స్టెల్త్. ఐదుగురు నక్కి వెళ్తున్నారు, ఒక్కడు తప్పినా దొరికిపోతారంటే, ఒక్కొక్కరికి అదే 55 శాతం అనుకున్నా ఐదుగురూ గెలిచే అవకాశం 5 శాతం. పుస్తకంలోనే గ్రూప్ చెక్ ఉంది, సగం మంది గెలిస్తే గుంపు గెలిచినట్టు, అప్పుడు 59 శాతం. ఇనప కవచం వేసుకున్న పాలడిన్ వల్ల ప్రతిసారీ దొరికిపోతున్నామని విసుక్కునే గుంపులకి ఇది తెలియకపోవడమే కారణం.

నిజ జీవితాన్ని ఒక్కరికే వర్తింపజేయడం ఇంకోటి. రెండొందల అడుగుల కొండ మీంచి దూకిన పన్నెండో లెవెల్ బార్బేరియన్ చచ్చిపోవాలంటారు, "నిజంగా అయితే బతకడు కదా" అని. నిజంగా అయితే విజార్డ్ వేళ్లలోంచి నిప్పు కూడా రాదు. 20డీ6 సగటు 70, అతనికి హిట్ పాయింట్లు వంద పైన ఉన్నాయి, దులుపుకుని లేస్తాడు, అదే అతని కథ.

ప్రతిదానికీ "భలే ఉంది, చేసెయ్" అనడం కూడా తప్పే. గొంతు పెద్దగా ఉన్నవాడికే లాభం. నెమ్మదిగా కూర్చుని తన షీట్ (పాత్ర వివరాల కాగితం) చదువుకుని ఆడేవాడికి నష్టం. పక్కనున్నవాడికి కూడా అదే తీర్పు ఇస్తానా అని ఒకసారి మిమ్మల్ని మీరు అడగండి.

పాత ఎడిషన్ జ్ఞాపకాలు కలపడం. పాత రోజుల్లో ఫైర్‌బాల్ ఇరుకు సొరంగంలో వేస్తే మంట ఆ చోటంతా నింపుకుంటూ వెనక్కి వచ్చి వేసినవాణ్నే కాల్చేది, దాదాపు 33,000 ఘనపుటడుగులు నింపాల్సిందే. ఇప్పుడు అది ఇరవై అడుగుల వ్యాసార్ధం, 8డీ6, అంతే. పాతది భలే సరదా అని నాకూ అనిపిస్తుంది, కావాలంటే పెట్టుకోండి, కానీ ఒకటో మెట్టులో, విజార్డ్ ఆ మంత్రం నేర్చుకోకముందే.

మీ గుంపుకి ఇది సరిపడకపోతే

కొందరికి డీఎం మాట మీద ఆధారపడటమే నచ్చదు, ప్రతిదీ రాసి ఉండాలంటారు. వాళ్లలో తప్పేం లేదు, ఆట మార్చండి. 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ చూడండి, రూల్స్ అన్నీ ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్‌లో ఉచితంగా చదువుకోవచ్చు, లెవెల్ బట్టి అంకెల పట్టిక కూడా ఉంది. అంకె కంటే పది ఎక్కువ వస్తే పెద్ద గెలుపు, పది తక్కువైతే పెద్ద ఓటమి అని ముందే రాసిపెట్టి ఉంటుంది కాబట్టి మీ మీద బరువు తగ్గుతుంది.

దీనికి అటువైపు వాళ్లు కూడా ఉంటారు, రూల్సే వద్దంటారు. వాళ్లకి పాత పద్ధతి: డీ20 వేసి, ఆ పనికి సరిపడే ఎబిలిటీ స్కోరుకి (పాత్ర బలం, చురుకుదనం లాంటివాటి అంకె) సమానం లేదా తక్కువ వస్తే గెలుపు. డెక్స్టెరిటీ 14 అయితే 14 లేదా కింద రావాలి. ఇంకేమీ లేదు.

బయట కొత్తవాళ్లతో అడ్వెంచరర్స్ లీగ్ లాంటి చోట ఆడిస్తుంటే మాత్రం సొంత గల్లీ రూల్స్ పెట్టకండి. అక్కడ ఒక టేబుల్ దగ్గర ఆడిన పాత్రనే రేపు ఇంకో టేబుల్‌కి తీసుకెళ్తారు, మీ ఇంటి రూల్ అక్కడ చెల్లదు.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

నాలుగు ఆటలయ్యాక నోటుబుక్ తెరవండి. ఒకే రకం పనికి ఒకసారి 12, ఒకసారి 18 రాసి ఉంటే, ఆ రెండు రోజుల్లో ఎవరు అడిగారో చూడండి. నేను మొదటిసారి చూసినప్పుడు చిన్న అంకెలన్నీ నా చిన్ననాటి స్నేహితుడి పేరు పక్కన ఉన్నాయి. వాడికి నేను కావాలని ఇవ్వలేదు, వాడు అడిగే తీరు నాకు అలవాటు, అంతే.

ఆటగాళ్లు ఎలా మాట్లాడుతున్నారో వినండి. మొదట్లో "నాకు పర్సెప్షన్ (గమనించే నేర్పు) ఉంది, వేయనా?" అనేవాళ్లు, తర్వాత్తర్వాత "ఆ తలుపు కింద వెలుతురు కనబడుతోందా, వంగి చూస్తా" అంటుంటే సరైన దారిలో ఉన్నారు. అందరూ తల వంచి షీట్లే చదువుతుంటే, పుస్తకంలో లేనిది అడిగితే ఏమంటారోనని భయపడుతున్నారు.

ఆఖరి పరీక్ష నాకు బాగా ఇష్టం. ఆటలో ఎవరో ఏదో వింత పని అడుగుతారు. మీరు నోరు తెరవకుండా, మీ అంకెని చీటీ మీద రాసి బోర్లా పెట్టి, "నేనేం అంటాననుకుంటున్నారు?" అని మిగతావాళ్లని అడగండి. ముగ్గురిలో ఇద్దరు మీ అంకెకి దగ్గరగా చెబితే ఇక టైమర్ పక్కన పెట్టేయొచ్చు. ముగ్గురూ మూడు రకాలుగా చెబితే నోటుబుక్‌ని టేబుల్ మధ్యలో పెట్టి, వచ్చే రెండు ఆటలు అందరికీ కనబడేలా రాయండి. మా లా పాయింట్ల మనిషి ఈమధ్య నేను చెప్పకముందే "15, ఓడితే బోర్లా" అని తనే రాసేస్తున్నాడు.